పెట్ స్కానుకు ముందు గుక్కెడు టీ కూడా ఎందుకు వద్దంటారు?

“సిస్టర్, అన్నం పెట్టలేదమ్మా. గుక్కెడు టీ మాత్రం పట్టించాను.” ఈ మాట వార్డులో వింటూనే ఉంటాం. చెప్పేది రోగి భార్య కావచ్చు, కూతురు కావచ్చు, కోడలు కావచ్చు. తెల్లవారుజామున బస్సెక్కి పట్నం చేరేసరికి పెద్దాయనకు కళ్లు తిరుగుతున్నాయనీ, నోరు ఎండిపోతోందనీ జాలిపడి ఇచ్చిన టీ అది. జాలిపడడంలో తప్పేమీ లేదు. కానీ ఆ గుక్కెడు టీ వల్ల ఆ రోజు స్కాన్ జరగకుండా పోవచ్చు. జరిగినా అందులో కనిపించవలసినది కనిపించకపోవచ్చు.

కొన్ని సంవత్సరాల క్రితం నా చేతుల మీదుగానే ఇలా జరిగింది. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న ఒకాయనకు డాక్టరుగారు పెట్ స్కాన్ రాశారు. నేను ఆయన భార్యను కూర్చోబెట్టుకుని “ఏమీ తినకుండా వెళ్లండి” అని చెప్పాను. మన ఇళ్లలో టీ తాగడాన్ని ఎవరూ తినడం కింద లెక్కపెట్టరు. ఆ సంగతి తెలిసి కూడా టీ పేరెత్తి చెప్పలేదు. దారిలో ఆమె టీ, రెండు బిస్కెట్లు ఇచ్చింది. స్కాన్ సెంటరులో రక్తంలో షుగర్ చూసి, ఏమేం తీసుకున్నారని అడిగి, ఇవాళ కుదరదని పంపించేశారు. మళ్లీ తేదీ దొరకడానికి వారం దాటింది. రాను పోను ఛార్జీలు, ఆ రోజు కూలీ, అన్నిటికంటే ముఖ్యంగా వారం రోజుల వైద్యం పోయాయి. తప్పు ఆమెది కాదు, నాది. అప్పటినుండి నేను ఎవరికి చెప్పినా “టీ, కాఫీ, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్లు, చక్కెర లేని టీ, చూయింగ్ గమ్, వక్కపొడి” అంటూ పేరు పేరునా చెబుతాను. ఎందుకు వద్దో కూడా చెబుతాను. కారణం తెలిసినవారు దారిలో తప్పిపోరని నా అనుభవం. అందుకే ఈ వ్యాసం.

పెట్ స్కాన్ దేన్ని చూపిస్తుంది?

ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. స్కాన్లు శరీరం లోపలి ఆకారాన్ని చూపిస్తాయి. గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, దేనికి ఆనుకుని ఉంది అన్నది వాటిలో తెలుస్తుంది. అయితే ఆ గడ్డ బతికి ఉందా, చచ్చిందా, పెరుగుతోందా అన్నది ఆకారం చూసి చెప్పడం అన్నివేళలా సాధ్యం కాదు. ఒక వీధిని పగటిపూట చూస్తే అన్ని ఇళ్లూ కనిపిస్తాయి. రాత్రిపూట చూస్తే ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో తెలుస్తుంది. పెట్ స్కాన్ ఆ రాత్రి చూపు లాంటిది. ఈ రోజుల్లో పెట్, సి.టి. రెండూ ఒకే యంత్రంలో ఉంటాయి కాబట్టి పొయ్యి వెలిగేది ఏ ఇంట్లోనో కచ్చితంగా గుర్తుపట్టవచ్చు.

మరి క్యాన్సర్ పొయ్యిలో కట్టె ఏమిటి? ముఖ్యంగా గ్లూకోజ్. 1920లలో జర్మనీలో ఆటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే ఎంతో ఎక్కువ గ్లూకోజ్ వాడుకుంటున్నాయని గమనించాడు. చుట్టూ కావలసినంత ప్రాణవాయువు ఉన్నా, అవి గ్లూకోజును పూర్తిగా మండించకుండా సగంలోనే వదిలేస్తాయి. అంటే వాటిది దుబారా సంసారం. ఎంత తెచ్చిపోసినా చాలదు.

ఈ ఆకలినే డాక్టర్లు వలగా మార్చుకున్నారు. గ్లూకోజులో చిన్న మార్పు చేసి, దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక అణువును తగిలించి ఎఫ్.డి.జి. అనే మందు తయారుచేశారు. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటుంది. మొదటి మెట్టు వరకు జీర్ణం చేసుకుంటుంది. రెండో మెట్టు దగ్గర అది ఇరుక్కుపోతుంది, ముందుకూ పోదు, బయటికీ రాదు. ఎక్కువ ఆకలి ఉన్న కణంలో ఎక్కువ పోగుపడుతుంది. 1976లో అమెరికాలో న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఈ మందును తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పంపి, ఆరోగ్యవంతులైన ఇద్దరు వలంటీర్లకు మొదటిసారి ఇచ్చారు. అప్పటి ఉద్దేశం మెదడును చూడడం. క్యాన్సరుకు ఇది ఇంతగా పనికివస్తుందని తేలింది తర్వాతే. మన దేశంలో ముంబయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటరులో 2002లో ఈ పరీక్ష మొదలైంది. ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో కూడా జరుగుతోంది.

కణంలో చిక్కుకున్న ఆ మందు నుండి పాజిట్రాన్ అనే అతి చిన్న రేణువు వెలువడుతుంది. అది పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకి, రెండూ మాయమైపోతాయి. వాటి స్థానంలో రెండు కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు పోతాయి. రోగి చుట్టూ ఉన్న చక్రంలాంటి యంత్రం ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుని, రెండింటి మధ్య గీత గీస్తుంది. అటువంటి లక్షల గీతలు కలిసే చోట వెలుగు కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఈ మందు నిలవ ఉండదు. ప్రతి 110 నిమిషాలకు దాని శక్తి సగమైపోతుంది. మూడు గంటల నలభై నిమిషాలకు పావు వంతు మిగులుతుంది. ఉదయం తయారైన మందును రేపటికి దాచి ఉంచే వీలు లేదు. మీ రోగి పేరు మీద, బరువు లెక్కగట్టి, టైము చూసుకుని ఆ డోసు బయలుదేరుతుంది. “ఎనిమిదికి రమ్మన్నారు కదా, తొమ్మిదిన్నరకు వెళితే ఏమవుతుంది” అనుకోవద్దు.

టీ తాగితే లోపల ఏం జరుగుతుంది?

ఆహారం వచ్చిన సంగతి మన నాలుకకే తెలుస్తుందని అనుకుంటాం. నిజానికి నాలుక కంటే పెద్ద కాపలాదారు పేగు. చిన్నపేగు గోడలో అక్కడక్కడ కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి. చక్కెర తగలగానే అవి రక్తంలోకి హార్మోన్లు వదులుతాయి. వాటిలో జి.ఎల్.పి.-1 ఒకటి. “సరుకు వస్తోంది, సిద్ధంగా ఉండు” అని క్లోమగ్రంథికి కబురు చేసేది ఇదే. అదే గ్లూకోజును సెలైన్ ద్వారా నరంలోకి ఎక్కిస్తే విడుదలయ్యే ఇన్సులిన్ కంటే, నోటి ద్వారా తాగిస్తే విడుదలయ్యేది ఎక్కువ. కారణం పేగు పంపిన ఈ కబురే. షుగర్ వ్యాధికి, బరువు తగ్గడానికి ఇప్పుడు వాడుతున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఈ జి.ఎల్.పి.-1కు నకలే.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డియేగో బొహోర్కెస్ బృందం 2018లో ఇంకొక విషయం బయటపెట్టింది. ఎలుకల పేగులోని ఈ కణాల్లో కొన్ని హార్మోనుతో ఆగకుండా, నేరుగా నరంతో ముడిపడి, చక్కెర తగిలిన వార్తను కన్ను మూసి తెరిచేలోగా మెదడు వైపు పంపుతున్నాయట. 2022లో అదే బృందం మరో అడుగు వేసింది. నిజమైన చక్కెరకూ, తీపి మాత్రమే ఇచ్చే కృత్రిమ మాత్రకూ తేడాను ఎలుక పేగు గుర్తుపట్టగలదని చూపించింది. నాలుకను మోసం చేసినంత తేలికగా పేగును మోసం చేయలేమన్నమాట.

పేగు చక్కెరను లోపలికి తీసుకునే తలుపు ఏదో కనిపెట్టడానికి సాయం చేసింది ఒక కప్ప అంటే మీరు నమ్మకపోవచ్చు. ఆఫ్రికాలో గోళ్ల కప్ప ఒకటి ఉంది. దాని గుడ్డు ఒక మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది. అయినా అది ఒక్కటే కణం! కంటికి కనిపించేంత పెద్ద కణం కావడంతో దానికి సన్నని సూదితో ఇంజెక్షన్ చేయవచ్చు. 1987లో కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ రైట్ బృందం, కుందేలు పేగు నుండి తీసిన జన్యు సందేశాలను ఈ కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఏ సందేశం ఇస్తే గుడ్డు చక్కెరను పీల్చుకోవడం మొదలుపెడుతుందో చూస్తూ పోయింది. అలా దొరికిన తలుపుకు ఎస్.జి.ఎల్.టి.-1 అని పేరు. దానికి ఒక నియమం ఉంది, ఉప్పు తోడు లేకుండా చక్కెరను రానివ్వదు. రెండూ కలిసి లోపలికి పోతుంటే నీరు వాటి వెంట పోతుంది. విరేచనాలకు మనం ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఈ తలుపు గుండానే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్లతో కలరా రోగులను బతికించారు. తలుపు ఎలా ఉంటుందో తెలియడానికి ముందే దాన్ని వాడుకున్నారు.

ఇప్పుడు టీ దగ్గరకు వద్దాం. చక్కెర టీ పేగును చేరింది. పేగు కబురు పంపింది. క్లోమం ఇన్సులిన్ వదిలింది. ఇన్సులిన్ వెళ్లి కండరాల తలుపులు, కొవ్వు తలుపులు బార్లా తెరిచింది. సరిగ్గా ఆ సమయంలో సిస్టర్ ఎఫ్.డి.జి. ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుంది? గడ్డలోకి పోవలసిన మందు తొడ కండరాల్లోకి, గుండె కండరంలోకి పోతుంది. స్కానులో కాళ్లు చేతులు మెరుస్తాయి, గడ్డ వెలవెలబోతుంది. దీనికి తోడు, రక్తంలో ముందే గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే క్యాన్సర్ కణం దగ్గర మందుకూ, అసలు గ్లూకోజుకూ తోపులాట జరిగి మందు తక్కువగా లోపలికి పోతుంది. చిన్న గడ్డ ఏదైనా ఉంటే కనిపించకుండా తప్పిపోవచ్చు. “ఏమీ లేదట” అని సంతోషంగా ఇంటికి వెళ్లిపోయే ప్రమాదం అక్కడే ఉంది. ఇంత డబ్బు పెట్టి తప్పుడు నిశ్చింత కొనుక్కోవడం కంటే ఆ పూట స్కాన్ ఆగిపోవడమే మేలు.

“చక్కెర లేకుండా తాగితే?” అని అడుగుతారు. పాలలో కూడా చక్కెర ఉంటుంది, దాని పేరు లాక్టోజ్. కాబట్టి వద్దు. మంచినీళ్లు మాత్రం తాగవచ్చు, తాగాలి కూడా.

వెళ్లే ముందు ఇంటివాళ్లు చూసుకోవలసినవి

సాధారణంగా ఆరు గంటలు ఏమీ తీసుకోకుండా రమ్మంటారు. మీ సెంటరువాళ్లు ఎన్ని గంటలు చెబితే అన్ని. ముందు రోజు రాత్రి తేలికగా తిని పడుకోబెట్టండి. ముందు రోజు, ఆ రోజు బరువులు మోయడం, ఎక్కువ దూరం నడవడం, పొలం పని వద్దు. పనిచేసిన కండరం చక్కెర తాగుతుంది, అది స్కానులో మెరుస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు గంటసేపు ఒక గదిలో పడుకోబెడతారు. అప్పుడు మాట్లాడవద్దంటారు. ఎక్కువ మాట్లాడితే గొంతు కండరాలు మెరుస్తాయి. ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి, లేకపోతే ఊళ్లోవాళ్లందరూ ఆ గంటలోనే పలకరిస్తారు. చలిగా ఉంటే శరీరంలో వేడి పుట్టించే ఒక రకం కొవ్వు పనిచేయడం మొదలుపెట్టి మెడ దగ్గర వెలుగుతుంది. ఎండాకాలమైనా సరే, ఒక దుప్పటి వెంట తీసుకువెళ్లండి. ఏ.సి. గదిలో అవసరమవుతుంది.

షుగర్ వ్యాధి ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. రక్తంలో షుగర్ 200 లోపు ఉంటేనే చాలాచోట్ల ఇంజెక్షన్ ఇస్తారు. అలాగని మీరే తెలివిగా ఉదయం ఇన్సులిన్ చేసి తీసుకువెళ్లవద్దు. పరగడుపున ఇన్సులిన్ చేస్తే షుగర్ పడిపోయి దారిలోనే స్పృహ తప్పవచ్చు. పైగా పైన చెప్పిన కండరాల తలుపులు తెరుచుకుంటాయి. మెట్‌ఫార్మిన్ మాత్రల వల్ల పేగు మెరుస్తుంది, కొన్నిచోట్ల రెండు రోజుల ముందు ఆపమంటారు. ఆపాలా వద్దా అన్నది డాక్టరుగారినే అడగండి. వేసుకునే మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్లి చూపించడం అన్నిటికంటే సులువు. పేర్లు గుర్తుపెట్టుకోనవసరం లేదు.

వార్డులో చేరి ఉన్న రోగిని స్కానుకు తీసుకువెళుతుంటే సెలైన్ సీసా మీద ఏం రాసి ఉందో చూడమని సిస్టరును అడగండి. డెక్స్ట్రోజ్ ఎక్కుతున్నట్లయితే అదీ చక్కెరే. అడిగితే మేము ఏమీ అనుకోం. పనుల హడావిడిలో మాకూ మరపు వస్తుంది.

ఈ మధ్య ఆపరేషన్ అయిందా, కీమో ఎప్పుడు ఇచ్చారు, రేడియేషన్ ఎప్పుడు ముగిసింది, తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ చేశారా అన్నవి తేదీలతో సహా రాసుకుని వెళ్లండి. ఆ ఇంజెక్షన్ తర్వాత ఎముకల మూలుగంతా మెరుస్తుంది. చూసేవారికి తేదీ తెలియకపోతే ఎముకలకు పాకిందేమోనని అనుమానపడవలసి వస్తుంది.

తోడు ఎవరు వెళ్లాలి? గర్భిణిగా ఉన్న కూతురు గానీ కోడలు గానీ వద్దు. చంటిపిల్లను ఎత్తుకుని వెళ్లడం వద్దు. స్కాన్ అయ్యాక ఆ పూటంతా రోగి శరీరం నుండి కొంచెం రేడియేషన్ వస్తూనే ఉంటుంది. ఆరు గంటలకు మందు శక్తి పదో వంతుకు పడిపోతుంది. మూత్రంలో కూడా బయటికి పోతుంది కాబట్టి నీళ్లు బాగా తాగించండి. మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మర్నాటికి వాయిదా వేస్తే సరిపోతుంది. రోగిని అంటరానివాడిలా గదిలో పెట్టి తలుపు వేయనవసరం లేదు. అలా చేసిన ఇంటిని చూశాను కాబట్టే రాస్తున్నాను.

ఫిలిమును మీరే చదవకండి

రిపోర్టు చేతికి రాగానే వరండాలో నిలబడి ఫిలిమును వెలుతురుకు పెట్టి చూస్తారు. తలలో మంట, గుండెలో మంట, పొత్తికడుపులో పెద్ద మంట. ఇంకేముంది, అంతటా పాకిపోయిందని ఏడుపులు. మెదడు రాత్రింబవళ్లు గ్లూకోజ్ మీదే నడుస్తుంది కాబట్టి అది ఎప్పుడూ మెరుస్తుంది. గుండె ఒక్కోసారి మెరుస్తుంది. మూత్రపిండాలు, మూత్రాశయం మందును బయటికి పంపే దారులు కాబట్టి మెరుస్తాయి. ఇవన్నీ ఆరోగ్యమే.

క్యాన్సర్ కాని జబ్బులు కూడా మెరుస్తాయి. ఎక్కడ వాపు ఉందో, ఎక్కడ తెల్లకణాలు పోరాడుతున్నాయో అక్కడ చక్కెర ఖర్చవుతుంది. మన దేశంలో ఇందులో మొదట తలచుకోవలసింది క్షయ. టి.బి. గడ్డ పెట్ స్కానులో అచ్చం క్యాన్సర్ గడ్డలా మెరవగలదు. మొదట్లో చెప్పిన పెద్దాయన సంగతి కూడా అదే అయింది. రెండోసారి స్కాన్ బాగా వచ్చింది, ఊపిరితిత్తిలో గడ్డా, దాని పక్క బిళ్లలూ మెరిశాయి. ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్నారు. అయినా డాక్టరుగారు ముక్క పరీక్ష చేయించాలని పట్టుబట్టారు. అందులో క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడి, పొలానికి తిరిగి వెళ్లారు. ముక్క పరీక్ష అంటే “కత్తి పెడితే పాకుతుంది” అని భయపడి పారిపోయేవారిని చూస్తే నాకు కోపం, బాధ రెండూ కలుగుతాయి. మెరుపు ఎక్కడుందో స్కాన్ చెబుతుంది. అది ఏమిటో చాలాసార్లు ముక్క పరీక్షే చెప్పాలి.

దీనికి తిరగబడి ఇంకో మాట ఉంది. అన్ని క్యాన్సర్లూ మెరవవు. నెమ్మదిగా పెరిగే కొన్ని రకాలు, ప్రోస్టేట్ క్యాన్సరులో చాలా వరకు, చక్కెర మీద అంత ఆశ చూపించవు. అందుకే డాక్టరుగారు అందరికీ పెట్ స్కాన్ రాయరు. రాయలేదని, మనకు ఖర్చు పెట్టే స్తోమత లేదనుకున్నారేమోనని నొచ్చుకోవద్దు.

అన్నం మానిపించిన కొడుకు

ఇక ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. క్యాన్సర్ చక్కెరను తింటుందని పైన రాశాను. ఇది చదివి మీలో కొందరికి వెంటనే ఒక ఆలోచన వస్తుంది. చక్కెర ఆపేస్తే క్యాన్సర్ చచ్చిపోతుంది కదా?

రొమ్ము క్యాన్సరుకు కీమో తీసుకుంటున్న ఒకావిడ కొడుకు ఇలాగే ఆలోచించాడు. చదువుకున్న పిల్లవాడు, తల్లి అంటే ప్రాణం. స్కాన్ సెంటరులో చక్కెర మందు సంగతి విని, ఇంటికి వెళ్లగానే తల్లికి అన్నం, పాలు, అరటిపండు, బెల్లం అన్నీ మానిపించాడు. పచ్చికూరల రసం, ఉడికించిన ఆకుకూరలు పెట్టాడు. మూడు వారాల తర్వాత తదుపరి కీమోకు వచ్చినప్పుడు తూకం వేస్తే ఐదు కిలోలు తగ్గింది. చేతి గాజులు జారిపోతున్నాయి. రక్తకణాలు తగ్గిపోయి ఉన్నాయి. కీమో వాయిదా వేయవలసి వచ్చింది. “ఆకలేస్తోందని అడిగితే వాడు ఏడుస్తాడమ్మా, అందుకే అడగడం మానేశాను” అని ఆవిడ నాతో రహస్యంగా చెప్పింది.

రక్తంలో గ్లూకోజ్ అనేది మీరు పెట్టే అన్నం మీద మాత్రమే ఆధారపడదు. మెదడు బతకాలి కాబట్టి, తిండి లేకపోయినా కాలేయం గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది. కాలేయంలో నిలవ అయిపోగానే కండరాలను కరిగించి తయారుచేస్తుంది. గడ్డకు అందవలసింది అందుతూనే ఉంటుంది. కరిగిపోయేది మీ అమ్మగారి కండ. క్యాన్సర్ జబ్బే కండను తినేస్తుంటే, మనం కూడా దాని పక్షాన చేరినట్లవుతుంది. ఆహారంతో క్యాన్సరును అదుపు చేయవచ్చా అని పరిశోధనలు జరుగుతున్నాయి, నిజమే. అవి డాక్టర్ల కనుసన్నల్లో, బరువు చూసుకుంటూ జరిగేవి. వంటింట్లో చేసే ప్రయోగాలు కావు.

కాబట్టి స్కాన్ ముందు ఆ ఆరు గంటలు తప్ప, మిగిలిన రోజుల్లో రోగికి తిండి పెట్టండి. అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు, చేప, పెరుగు, వేరుశనగలు, రాగి జావ ఏది సయిస్తే అది. కీమో వల్ల నోరు చేదుగా, ఇనుము నాకినట్లు ఉంటుంది. అప్పుడు అన్నం వద్దని విసుక్కుంటారు. నోరు పుక్కిలించి, కొంచెం నిమ్మకాయ, అల్లం తగిలించి, కొద్దికొద్దిగా ఆరేడుసార్లు పెట్టండి. నోటిలో పుండ్లు ఉంటే మాత్రం నిమ్మకాయ వద్దు. షుగర్ వ్యాధి ఉన్నవారు తమ పథ్యం తాము పాటించాలి, అది వేరే సంగతి. పిల్లవాడికి నేను చెప్పింది కూడా ఇంతే. ఆ మధ్యాహ్నం క్యాంటీన్ నుండి పెరుగన్నం తెచ్చి తనే కలిపి పెట్టాడు.

కొత్తగా వస్తున్నవి

ఆకలితో ఉండనవసరం లేని పెట్ స్కాన్లు కూడా వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సరుకు వాడే పి.ఎస్.ఎం.ఎ. స్కాన్ చక్కెరను కాకుండా ఆ కణాల మీద ఉండే ఒక ప్రొటీనును వెతుకుతుంది. మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఇది దొరుకుతోంది. ఇంకొకటి ఎఫ్.ఎ.పి.ఐ. గడ్డ తన చుట్టూ కట్టుకునే పీచు కణాలను ఇది పట్టుకుంటుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ డాక్టర్లు 2019లో 28 రకాల క్యాన్సర్లలో దీన్ని వాడి చూపించారు. దీనికి ఉపవాసం అక్కరలేదు. 2018లో 194 సెంటీమీటర్ల పొడవున్న పెట్ యంత్రంతో మనిషిని తల నుండి కాళ్ల వరకు ఒకేసారి చిత్రించారు. తక్కువ మందుతో, తక్కువ సమయంలో పని అవుతుంది. అయితే మీ రోగికి రాసింది ఏ స్కానో కాగితం మీద చూసుకోండి. పక్క మంచం ఆయనకు టిఫిన్ పెట్టి పంపారని మీరూ పెట్టవద్దు.

రేడియేషన్ అసలే లేని మరో పద్ధతి మీద పని జరుగుతోంది. చర్మం మీద క్షణకాలం లేజర్ వెలుగు వేస్తే, రక్తం ఆ వెలుగును పీల్చుకుని రవ్వంత వేడెక్కి వ్యాకోచిస్తుంది, అప్పుడు సన్నని ధ్వని పుడుతుంది. ఆ ధ్వనిని అల్ట్రాసౌండ్ యంత్రం వింటుంది. వెలుగు ధ్వనిగా మారుతుందని 1880లోనే టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ గమనించాడు. గడ్డ తన కోసం కొత్త రక్తనాళాలు వేసుకుంటుంది కాబట్టి రక్తాన్ని చూస్తే గడ్డ జాడ దొరుకుతుంది. వెలుగు కొన్ని సెంటీమీటర్ల లోతుకే పోతుంది కనుక దీన్ని ముఖ్యంగా రొమ్ము, చర్మం వంటి పైపై భాగాలకు వాడుతున్నారు.

ఈ పద్ధతితోనే 2022లో డ్యూక్ విశ్వవిద్యాలయంవారు, న్యూయార్క్ మ్యూజియంవారు కలిసి ఒక కప్ప రహస్యాన్ని విప్పారు. మధ్య అమెరికా అడవుల్లో ఉండే ఈ గాజు కప్ప పగలు ఆకు కింద నిద్రపోతుంది. నిద్రలో దాని ఒళ్లు గాజులా పారదర్శకమైపోతుంది. లోపలి ఎర్ర రక్తం ఏమైనట్లు? మత్తుమందు ఇచ్చి చూద్దామంటే రక్తం మళ్లీ ఒంట్లో తిరుగుతుంది, కాబట్టి దాన్ని నిద్రపోనిచ్చి లేజర్ వెలుగుతో విన్నారు. ఎర్రకణాల్లో నూటికి 89 వంతులు వెళ్లి కాలేయంలో దాక్కుంటున్నాయి. నిద్రలేవగానే మళ్లీ ఒంట్లోకి వస్తాయి. అన్ని కణాలు అలా కుక్కి పెట్టినా ఒక్క గడ్డ కూడా కట్టదు. మనిషికైతే రక్తం ఊరికే నిలిచిపోయినా గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ కప్ప ఎలా తప్పించుకుంటుందో తెలిస్తే మనకు కొత్త మందు దొరకవచ్చని శాస్త్రవేత్తల ఆశ.

ఆ మందు వచ్చేదాకా ఒకటి మీరు చూసుకోవాలి. క్యాన్సర్ రోగులకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలువారి కంటే ఎక్కువ. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే నూనె రాసి మర్దన చేయవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే రాత్రనీ పగలనీ చూడకండి.

స్కానుకు బయలుదేరే రోజున టిఫిన్ డబ్బా, ఫ్లాస్కు ఇంట్లో వదిలేయవద్దు, వెంట తీసుకువెళ్లండి. సంచి అడుగున పెట్టండి. యంత్రం మీద నుండి దిగాక “ఇక తినవచ్చా?” అని అక్కడివాళ్లను ఒక్క మాట అడిగి, సరే అన్న తర్వాత మూత తీయండి. పెద్దాయనకు ఆ టీ అప్పుడు ఇవ్వండి.